కాల్గరీకి కొత్తగా వస్తున్నారా? ముందు పడమర ఎటో చూసుకోండి

కెనడాలోని కాల్గరీలో దిగిన మొదటి రోజున చేయాల్సిన పని పడమర ఎటో కనుక్కోవడం. ఆకాశం తేటగా ఉంటే అదేమంత కష్టం కాదు. కాస్త ఎత్తయిన చోట నిలబడి చుట్టూ చూస్తే ఒకవైపు రాకీ పర్వతాలు తలమీద మంచుతో నీలం గోడలా కనిపిస్తాయి. అదే పడమర. దాదాపు 80 కిలోమీటర్ల అవతల ఉన్నా పక్క ఊళ్లో ఉన్నట్టే అనిపిస్తాయి. వెనక్కి తిరిగితే చూపుకు అడ్డమే ఉండదు. గడ్డి నేలలు, గోధుమ చేలు, జూలైలో పసుపు ఆరబోసినట్టు కనోలా పూలు. ఆ మైదానం పక్క రాష్ట్రమైన సస్కాచెవాన్ దాటి మానిటోబా దాకా పోతుంది. వాటినే ఇక్కడ ప్రెయిరీలు అంటారు.

ఆల్బర్టా రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద ఊరు ఇదే. 2021 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో 13 లక్షల మంది ఉన్నారు. రాజధాని మాత్రం ఇది కాదు, 300 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న ఎడ్మంటన్. ఊరు సముద్రమట్టానికి 1,045 మీటర్ల ఎత్తున ఉంది, అంటే మన అరకు లోయకన్నా ఎత్తు. ఇక్కడి చలి, గాలి, నీళ్లు, వడగళ్లు, సెలవు రోజు సరదా అన్నీ ఆ పడమటి కొండలతో ముడిపడినవే. వచ్చిన కొత్తలో ఇల్లు, ఆఫీసు, కిరాణా కొట్టు తప్ప ఇంకేమీ చూడకుండా ఏడాది గడిపేసి, "ఇక్కడేముంది, చలి తప్ప" అనేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఏడాది మీకు పోకూడదని ఇదంతా రాస్తున్నాను.

1. అడ్రస్ చదవడం నేర్చుకోండి

ఊరంతా నాలుగు భాగాలు. వాస్తు పుణ్యమా అని మూలల పేర్లు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. ఎన్‌ఈ అంటే ఈశాన్యం, ఎన్‌డబ్ల్యూ వాయవ్యం, ఎస్‌డబ్ల్యూ నైరుతి, ఎస్‌ఈ ఆగ్నేయం. ప్రతి అడ్రస్ చివరా వీటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి. ఉత్తర దక్షిణాలను చాలావరకు బో నది విడదీస్తుంది. తూర్పు పడమరలకు ఉత్తరాన సెంటర్ స్ట్రీట్, దక్షిణాన మెక్లౌడ్ ట్రయల్ హద్దు. స్ట్రీట్ అంటే ఉత్తర దక్షిణాలుగా పోయే దారి, అవెన్యూ అంటే తూర్పు పడమరలుగా పోయేది.

ఆ రెండక్షరాలు వదిలేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. 17వ అవెన్యూలో భోజనానికి రమ్మని ఒక మిత్రుడు పిలిచాడు. 17వ అవెన్యూ నైరుతిలో ఉంది, ఆగ్నేయంలోనూ ఉంది. నైరుతిది కాఫీ హోటళ్లు, బట్టల దుకాణాలతో యువతకు ఇష్టమైన వీధి. ఆగ్నేయానిది ఇంటర్నేషనల్ అవెన్యూ, వియత్నాం నుంచి ఇథియోపియా దాకా రకరకాల దేశాల వంటలు దొరికే చోటు. నేను ఒక కొసకు వెళ్లాను, మిత్రుడు ఇంకో కొసన ఎదురుచూశాడు. మైనస్ 18 డిగ్రీల చలిలో బస్సు మారి వెళ్లేసరికి గంట దాటింది.

ఇంటి నంబరులోనూ ఒక సూచన ఉంటుంది. నైరుతి 17వ అవెన్యూలో 1400లలో ఉన్న నంబరు కనిపిస్తే అది 14వ స్ట్రీట్ దగ్గర్లో ఉన్నట్టు. పాత పేటలన్నిటిలో ఈ లెక్క పనికొస్తుంది. కొత్త కాలనీల్లో పనికిరాదు. అక్కడ కాలనీ పేరుతోనే వీధులన్నీ మొదలవుతాయి. సాడిల్ రిడ్జ్‌లో సాడిల్‌క్రెస్ట్, సాడిల్‌మాంట్, పనోరమా హిల్స్‌లో పనటెల్లా, పనమౌంట్. మళ్లీ ఒక్కో పేరుకూ వే, క్లోజ్, సర్కిల్, బుల్‌వార్డ్ అని తోకలు. ఫోన్‌లో తోకతో సహా టైప్ చేయండి.

ఇంకో విషయం ఇప్పుడే రాసి పెట్టుకోండి. నాలుగు మూలలకూ నాలుగు పెద్ద ఆసుపత్రులున్నాయి: ఈశాన్యంలో పీటర్ లోహీడ్, వాయవ్యంలో ఫుట్‌హిల్స్, నైరుతిలో రాకీవ్యూ, ఆగ్నేయంలో సౌత్ హెల్త్ క్యాంపస్. పిల్లల ఆసుపత్రి వాయవ్యంలో ఉంది. ప్రాణం మీదికి వస్తే 911, ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్న సందేహానికి 811 (నర్సు మాట్లాడతారు), రోడ్డు మీద గుంత, ఎత్తని చెత్త లాంటి ఊరి పనులకు 311.

2. ఇల్లు వెతకండి, డబ్బు మాత్రం ముందే పంపకండి

మన దేశం వాళ్లు ఎక్కువగా ఈశాన్యంలో ఉంటారు. సాడిల్ రిడ్జ్, టారడేల్, మార్టిన్‌డేల్, స్కైవ్యూ రాంచ్, రెడ్‌స్టోన్, కార్నర్‌స్టోన్ పేర్లు మీకు వినిపిస్తూనే ఉంటాయి. కరివేపాకు, సోనా మసూరి, ఇడ్లీ రవ్వ దగ్గర్లో దొరుకుతాయి. హిందూ సొసైటీ గుడి ఈశాన్యంలోనే ఉంది, విమానాశ్రయమూ అక్కడే. యూనివర్సిటీ ఆఫ్ కాల్గరీ విద్యార్థులకు వాయవ్యంలో బ్రెంట్‌వుడ్, డాల్‌హౌసీ వైపు వీలు.

తక్కువ అద్దెకు దొరికేది బేస్‌మెంట్. నేలలోకి ఉండే ఆ వాటా ఊరి రిజిస్టర్‌లో నమోదైందా అని తప్పకుండా అడగండి, నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పడకగది కిటికీ మనిషి బయటికి దూకగలిగినంత ఉండాలి. నిప్పంటుకుంటే అదే మీ దారి. అద్దె రెండు వందల డాలర్లు తగ్గిందని ఆ కిటికీ విషయంలో మాత్రం సర్దుకోకండి.

చట్టం మీ పక్షాన కొన్ని హక్కులు ఇచ్చింది. ఆల్బర్టాలో అడ్వాన్సు ఒక నెల అద్దెను మించకూడదు. అద్దె పెంచితే మళ్లీ 365 రోజుల దాకా పెంచకూడదు. అయితే ఎంత పెంచాలన్నదానికి పరిమితి లేదు, ఆ సంగతి గుర్తుంచుకునే ఒప్పందం మీద సంతకం పెట్టండి. ఇల్లు చేరేటప్పుడు, వదిలేటప్పుడు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాయించి ఒక కాపీ తీసుకోండి. గోడమీద గీతలు, కార్పెట్ మరకలు ఫొటోలు తీసి ఉంచండి. ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి డబ్బు పంపితే మోసపోయే ప్రమాదం ఉంది. మొదటి రెండు వారాలకు తెలిసినవాళ్లింట్లోనో, చిన్న గదిలోనో ఉండి, ఇంటిని కళ్లతో చూశాకే డబ్బు ఇవ్వండి.

ఇల్లు కొనేవాళ్లకు ఒక మాట. కాల్గరీ వడగళ్ల ఊరు. 2020 జూన్‌లో, 2024 ఆగస్టులో పడ్డ వడగళ్లకు ఎక్కువగా దెబ్బతిన్నది మన ఈశాన్యమే. గోడలకు తొడిగే ప్లాస్టిక్ పలకలు జల్లెడలయ్యాయి, కార్ల అద్దాలు పగిలాయి. ఇంటి బీమా తీసుకునేటప్పుడు వడగళ్ల నష్టానికి మీ వాటా ఎంత కట్టాలో విడిగా అడగండి. కారుకు కాంప్రిహెన్సివ్ బీమా ఉంటేనే ఆ నష్టానికి పరిహారం వస్తుంది. గ్యారేజీని పెట్టెలతో నింపేసి కారు బయట పెట్టే అలవాటు ఇక్కడ ఖరీదైన అలవాటు.

3. కాగితాల పని మొదటి వారంలో ముగించండి

సర్వీస్ కెనడా అనే ప్రభుత్వ కార్యాలయంలో సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు కావాల్సిన గుర్తింపు సంఖ్య). రిజిస్ట్రీ ఏజెంట్ (ప్రభుత్వ కాగితాల పని చేసిపెట్టే ప్రైవేటు కార్యాలయం) దగ్గర ఆల్బర్టా హెల్త్ కేర్ కార్డు, దీనికి వచ్చిన మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. నెలనెలా కట్టేదేమీ లేదు, అయితే పళ్లు, కళ్లద్దాలు, చాలా మందులు అందులోకి రావు. ఇండియా లైసెన్సుతో 90 రోజులు నడపవచ్చు. దాన్ని నేరుగా ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు, రాత పరీక్ష, రోడ్ టెస్ట్ రెండూ ఉంటాయి. ఇంజనీర్‌గా పనిచేయాలంటే అపెగా అనే సంస్థలో నమోదు కావాలి. దానికి నెలలు పడుతుంది కాబట్టి డిగ్రీ, మార్కుల కాగితాలు ఇండియాలో ఉండగానే సిద్ధం చేసుకోండి. రాష్ట్ర అమ్మకపు పన్ను ఇక్కడ లేదు, బిల్లు మీద 5 శాతం జీఎస్టీ మాత్రమే.

లైబ్రరీ కార్డు ఉచితం. తీసుకునే వంకతోనైనా డౌన్‌టౌన్ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి వెళ్లండి. 2018లో తెరిచిన ఆ భవనం కిందినుంచే రైలు పోతుంది. గుమ్మం దగ్గర దేవదారు చెక్కతో చేసిన పెద్ద వంపు ఉంటుంది. అది దేని ఆకారమో ఐదో అంకె దగ్గర చెబుతాను.

4. రైలు, ప్లస్ 15

సీట్రెయిన్ అనే ఊరి రైలు 1981లో మొదలైంది. మార్గాలు రెండే. రెడ్ లైన్ వాయవ్యంలో టస్కనీ నుంచి దక్షిణాన సోమర్‌సెట్-బ్రైడిల్‌వుడ్ దాకా. బ్లూ లైన్ పడమర 69వ స్ట్రీట్ నుంచి ఈశాన్యంలో సాడిల్‌టౌన్ దాకా. డౌన్‌టౌన్‌లో 7వ అవెన్యూ మీద రెండూ ఒకే పట్టాల మీద నడుస్తాయి, ఆ ముక్కలో టికెట్ అక్కర్లేదు. అది దాటాక గేట్లు లేవు కదా అని ఊరికే ఎక్కకండి, తనిఖీ వస్తే జరిమానా భారీగా ఉంటుంది. విమానాశ్రయానికి రైలు లేదు. డౌన్‌టౌన్‌కు 300 నంబరు బస్సు ఉంది.

డౌన్‌టౌన్‌లో పని దొరికితే ప్లస్ 15 మీ రెండో ఇల్లు. భవనం నుంచి భవనానికి నేలకు 15 అడుగుల ఎత్తున అద్దాల వంతెనలు, మొత్తం సుమారు 16 కిలోమీటర్లు. మొదటిది 1970లో కట్టారు. బయట మైనస్ 30 ఉన్నా చొక్కాతో నడిచి భోజనానికి వెళ్లిరావచ్చు. లోపల దిక్కు తెలియదు, కొత్తలో తప్పిపోవడం మామూలే. అద్దంలోంచి కింద రైలు కనిపిస్తే మీరు 7వ అవెన్యూ మీద ఉన్నట్టు. అది గుర్తుగా పెట్టుకోండి. రాత్రి పొద్దుపోయాక తలుపులు వేసేస్తారు.

5. చలికి సిద్ధం కావడం, చినూక్‌ను గుర్తుపట్టడం

కోటు ఇండియాలో కొనకండి. అక్కడ చలికోటు అని అమ్మేది ఇక్కడ అక్టోబరుకు సరిపోతుంది, జనవరికి సరిపోదు. ఒంటికి అంటుకునే థర్మల్స్, పైన ఊలు స్వెట్టర్, ఆపైన గాలి చొరబడని జాకెట్. ఒక్క మందపాటి కోటుకన్నా మూడు పొరలే మేలు, ఎందుకంటే లోపలికి వెళ్లగానే విప్పాల్సింది కూడా మీరే. తలకు టూక్ (ఊలు టోపీని ఇక్కడ అలాగే అంటారు), చేతులకు మిట్టెన్లు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి, మందం సాక్సుకు చోటుండాలి. చలిగాలి బలంగా ఉన్న రోజున ముక్కు, చెవులు, బుగ్గలు కప్పుకోకపోతే నిమిషాల్లో మొద్దుబారి తెల్లబడతాయి. అప్పుడు రుద్దకుండా లోపలికి వచ్చి మెల్లగా వెచ్చబెట్టుకోండి.

కారుకు వింటర్ టైర్లు వేయించండి. చట్టం బలవంతపెట్టదు, అయినా నేను గట్టిగానే చెబుతున్నాను. రాత్రి బాగా చల్లబడే రోజుల్లో ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టాలి, లేకపోతే పొద్దున ఇంజన్ కదలకపోవచ్చు. ఇంటి ముందు నడకదారి మీది మంచును, అది పడడం ఆగిన 24 గంటల్లోపు తీసేయాలి. అది ఊరి చట్టం. వృద్ధులున్న పక్కింటి ముందు కూడా తీసిపెట్టండి, పరిచయాలు పెరగడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

ఇక చినూక్ గాలి. ఈ ఊరిని ప్రేమించడం నాకు నేర్పింది ఇదే. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే తేమగాలి రాకీలను ఎక్కుతూ పడమటి వాలు మీదే వాన, మంచు కురిపించేస్తుంది. పశ్చిమ కనుమలు వాన మొత్తం పట్టేసుకుంటే అనంతపురానికి పొడిగాలి మిగులుతుంది చూడండి, అలాంటిదే. ఇక్కడ ఆ పొడిగాలి కొండ దిగుతూ దిగుతూ వేడెక్కుతుంది. పొద్దున మైనస్ 20 ఉన్న ఊరు సాయంత్రానికి సున్నా దాటుతుంది. కప్పుల మీంచి మంచు కరిగి చినుకుల్లా రాలుతుంది.

అది వస్తోందని ముందే తెలుసుకోవచ్చు. పడమటి ఆకాశం చూడండి. బూడిదరంగు మబ్బు దుప్పటిలా పరుచుకుని, కొండల పైన మాత్రం విల్లులా వంగిన అంచు కింద తేటగా నీలం చీలిక కనిపిస్తుంది. దాన్నే చినూక్ ఆర్చ్ అంటారు. లైబ్రరీ గుమ్మం దగ్గర మీరు చూసిన వంపు ఇదే. కొందరికి ఈ గాలికి తలనొప్పి వస్తుంది, మీకు మైగ్రేన్ ఉంటే మాత్ర దగ్గర ఉంచుకోండి. చినూక్ వచ్చింది కదా అని కోటు అటకెక్కించవద్దు. అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ఆ మర్నాడు పొద్దున. పగలు కరిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి రోడ్డు మీద కంటికి కనిపించని గాజు పలక అవుతాయి. జనం కాళ్లు విరగ్గొట్టుకునేది మంచు తుఫానులో కన్నా ఈ పొద్దుటి పూటే అని నా నమ్మకం.

గాలి చాలా పొడిగా ఉంటుంది. అమ్మానాన్నలను పిలిపించుకుంటే మొదటి వారం ముక్కు ఎండి రక్తం చారలు కనిపించవచ్చు, చెప్పి ఉంచండి, భయపడతారు. పడకగదిలో హ్యుమిడిఫయర్ పెట్టండి. కొబ్బరినూనె ఇక్కడ చాలా రోజులు గడ్డగానే ఉంటుంది కాబట్టి సన్న మూతి సీసా వద్దు, వెడల్పు డబ్బా కొనండి. దోసెల పిండి పులవాలంటే, పాలు తోడుకోవాలంటే ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా అందులో పెట్టండి. ఈ ఎత్తులో నీళ్లు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పుకు కుక్కర్ మరో విజిల్ ఎక్కువ అడుగుతుంది. ఇంటికి ఫోన్ చేయాలంటే చలికాలంలో ఇండియా పన్నెండున్నర గంటలు, వేసవిలో పదకొండున్నర గంటలు ముందుంటుంది.

6. రెండు నదుల దగ్గరికి నడిచి వెళ్లండి

ఒక ఆదివారం దీనికే కేటాయించండి. డౌన్‌టౌన్‌కు తూర్పున బో నదిలో ఎల్బో నది కలిసే చోటుంది. తెలుగులో చెప్పుకుంటే విల్లు నది, మోచేయి నది. బ్లాక్‌ఫుట్ ప్రజలు ఈ సంగమాన్ని మోహ్‌కిన్‌స్టిస్ అంటారు, అర్థం మోచేయే. సంగమాలు మనకు పవిత్రమైనట్టే వాళ్లకూ ఇది తరతరాలుగా ముఖ్యమైన చోటు. 1875లో పోలీసు దళం ఇక్కడ కోట కట్టింది, మరుసటి ఏడాది దానికి స్కాట్లండ్‌లోని ఒక చోటి పేరు మీద కాల్గరీ అని పేరు పెట్టారు. 1877లో ఇక్కడి మూలవాసులతో ఏడో ఒప్పందం జరిగింది. సభల్లో మొదట ఆ ఒప్పందాన్ని, సిక్సికా, కైనై, పికానీ, సూటినా, స్టోనీ నకోడా ప్రజలను తలుచుకోవడం వింటారు. ఆ పేర్లు ముందే తెలిసి ఉంటే ఆ మాటలు ఊరికే చదివే వాక్యాల్లా అనిపించవు. 1883లో రైలు వచ్చింది, 1886లో మంటలు చెలరేగి చెక్క భవనాలు కాలిపోయాయి. తర్వాత ఇసుకరాతితో కట్టుకున్నారు. పాత నగర భవనం ఆ రాతిదే.

నదులను తక్కువ అంచనా వేయకండి. 2013 జూన్‌లో వచ్చిన వరదకు 75,000 మందికి పైగా ఇళ్లు వదలాల్సి వచ్చింది. నది దగ్గర బేస్‌మెంట్ అద్దెకు తీసుకుంటే ముందు వరద మ్యాపు చూడండి. వేసవిలో గాలి పడవలు వేసుకుని తేలుతూ పోవడం ఇక్కడి ఆట. లైఫ్ జాకెట్ వేసుకోవడం తప్పనిసరి. ఈత వచ్చినా సరే వేసుకోండి, ఇవి కొండమంచు కరిగిన నీళ్లు, జూలైలోనూ ఒళ్లు బిగదీస్తాయి.

ఒడ్డు వెంట నడకదారులు ఎంత దూరమైనా ఉన్నాయి. వాయవ్యంలోని నోస్ హిల్ మాత్రం వదలకండి. దాదాపు 11 చదరపు కిలోమీటర్ల అసలైన ప్రెయిరీ గడ్డి, చుట్టూ ఊరు. పైకెక్కితే పడమర కొండలు, దక్షిణాన టవర్లు, తూర్పున మైదానం, మూడూ ఒక్క చూపులో అందుతాయి.

7. జూలైలో స్టాంపీడ్

1912లో మొదలైన ఈ పది రోజుల పండుగలో ఆఫీసరు నుంచి బస్సు డ్రైవరు దాకా కౌబాయ్ టోపీ పెడతారు. లోపల రోడియో (పొగరు గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ పోటీలు), గుర్రపు బండ్ల పందేలకు టికెట్ కావాలి. ఊరంతా పొద్దున్నే పెట్టే ప్యాన్‌కేక్ ఫలహారం ఉచితం. శాకాహారులు మాంసం ముక్క వద్దని ముందే చెబితే ప్యాన్‌కేకులే వడ్డిస్తారు. మైదానంలో ఎల్బో రివర్ క్యాంప్‌కు తప్పకుండా వెళ్లండి. మూలవాసుల కుటుంబాలు తమ టీపీ గుడారాల్లో ఉండి మాట్లాడతాయి.

8. ఇప్పుడు కొండలకు

ట్రాన్స్‌కెనడా హైవే ఎక్కి నేరుగా పడమరకు. గంటలో కాన్‌మోర్, ఇంకో పావుగంటలో బ్యాన్ఫ్ అనే కొండ ఊళ్లు వస్తాయి. బ్యాన్ఫ్ జాతీయ ఉద్యానంలో ఆగాలంటే పార్క్స్ కెనడా పాస్ కావాలి. కనానస్కిస్ అనే కొండ ప్రాంతం వైపు వెళ్తే 2021లో మొదలైన వేరే పాస్ ఉంది, మొదలైనప్పుడు బండికి రోజుకు 15 డాలర్లు, ఏడాదికి 90. నాలుగైదు సార్లు వెళ్లేటట్టయితే ఏడాది పాసులే కొనండి. మొరెయిన్ లేక్‌కు 2023 నుంచి సొంత కార్లను పోనివ్వడం లేదు, షటిల్ సీటు ముందుగా బుక్ చేసుకోవాలి. సెప్టెంబరు చివర్లో లార్చ్ చెట్లు బంగారు రంగుకు మారే వారం అయితే మరీ ముందుగా.

ఎలుగుబంట్లున్న చోటు. బేర్ స్ప్రే (ఎలుగును తరిమే కారపు స్ప్రే) సంచిలో కాదు, నడుముకు ఉండాలి, ఎలా వాడాలో బయల్దేరకముందే నేర్చుకోవాలి. గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగుకు 100 మీటర్లు, ఎల్క్ అనే పెద్ద దుప్పికి 30 మీటర్లు దూరం ఉండాలి. తిండి, చెత్త కారులోనే. దారిలో హైవే మీద చెట్లు మొలిచిన వంతెనలు కనిపిస్తాయి. అవి జంతువులు రోడ్డు దాటడానికి కట్టినవి, పిల్లలకు చూపించండి.

బయల్దేరే ముందు 511 ఆల్బర్టాలో రోడ్డు పరిస్థితి చూడండి. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వైపు 93వ హైవే మీద నవంబరు నుంచి మార్చి దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. పొద్దున పడమరకు వెళ్లి సాయంత్రం తూర్పుకు వస్తారు కాబట్టి రెండు పూటలా ఎండ వీపు మీదే, కంట్లో పడదు. తిరిగి వచ్చేటప్పుడు డౌన్‌టౌన్ టవర్లు కనిపించగానే తొందరపడి నేరుగా పోకండి. 1988 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన గుట్ట కుడివైపు వస్తుంది, దానికి ముందే ఊరి చుట్టూ తిరిగే స్టోనీ ట్రయల్ రోడ్డు జంక్షన్. ఇల్లు ఈశాన్యంలో ఉంటే అక్కడే ఉత్తరానికి తిరగండి.